మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టర్: కృత్రిమ కాంతిలో దాని పరిమితులు

కదిలే తెరలేవీ లేకుండా, సెన్సర్ మీది పిక్సెళ్లను విద్యుత్ సంకేతాలతోనే తెరిచి మూసే ఏర్పాటును ఎలక్ట్రానిక్ షట్టర్ అంటారు. ఇప్పుడు వస్తున్న మిర్రర్‌లెస్ కెమెరాల్లో దాదాపు అన్నింటిలోనూ ఇది ఉంది. దీనికి చప్పుడు లేదు, అదురు లేదు, అరిగిపోయే భాగం లేదు. మెకానికల్ షట్టర్‌కు అందని వేగంతో వరసగా ఫొటోలు తీయవచ్చు. పగటి వెలుగులో, కదలని దృశ్యం విషయంలో దీనికి వంక పెట్టడానికి లేదు. దీపాల కిందికి వచ్చేసరికి మాత్రం అదే షట్టర్ ఫొటో నిండా అడ్డచారలు గీస్తుంది. ఒక చార వెలుగు, ఒక చార చీకటి. ఒక్కోసారి ఒకటి పసుపు, పక్కది నీలం. ఫొటోగ్రాఫర్లు దీన్ని బ్యాండింగ్ అంటారు.

సెన్సర్ చెడిపోవడం వల్ల ఈ చారలు రావు. దీపం పాడవడం వల్లా రావు. దీపం వెలుగు ఎంత వేగంగా పెరిగి తగ్గుతోంది, సెన్సర్ తన వరసలన్నీ చదవడానికి ఎంతసేపు తీసుకుంటోంది అనే రెండు కాలాల మధ్య పొత్తు కుదరక వస్తాయి. ఆ రెండు అంకెలు తెలిస్తే ఎన్ని చారలు పడతాయో ఫొటో తీయకముందే చెప్పవచ్చు. ఇంత సులువైన లెక్క కొనేవారి దాకా చేరకపోవడానికి కారణం, అందులో ఒక అంకెను కెమెరా కంపెనీలు చాలావరకు బయటపెట్టకపోవడమే.

వరస తర్వాత వరస

మెకానికల్ షట్టర్‌లో రెండు తెరలుంటాయి. మొదటిది తెరుచుకుంటుంది, రెండోది దాని వెనకే వచ్చి మూస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ ఎత్తు 24 మిల్లీమీటర్లు. మంచి షట్టర్‌లో తెర ఆ దూరాన్ని 3 నుంచి 4 మిల్లీసెకన్లలో దాటుతుంది. 1/1000 సెకను పెట్టినప్పుడు సెన్సర్ ఏ క్షణంలోనూ మొత్తంగా తెరిచి ఉండదు. రెండు తెరల మధ్య సన్నని సందు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పరుగెడుతుంది.

ఇప్పటి కెమెరాల్లోని సీమాస్ సెన్సర్ చేసేదీ ఇదే పని, తెరలు లేకుండా. ఒక వరస పిక్సెళ్లలోని పాత చార్జిని ఖాళీ చేయడంతో ఆ వరసకు ఎక్స్‌పోజర్ మొదలవుతుంది, చదవడంతో ముగుస్తుంది. ఆ వెంటే తర్వాతి వరస. స్కానర్ కాగితాన్ని చదివినట్టు సెన్సర్ పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది. దీన్ని రోలింగ్ షట్టర్ అంటారు. మెకానికల్ షట్టర్‌తో పోలిస్తే తేడా అంతా వేగంలోనే ఉంది. 2.4 కోట్ల పిక్సెళ్ల సెన్సర్‌లో 4000 వరసలుంటాయి. మొత్తం చదవడానికి 50 మిల్లీసెకన్లు పడితే ఒక్కో వరసకు 12.5 మైక్రోసెకన్లు. షట్టర్ వేగం 1/1000 పెట్టినా, మొదటి వరస చూసిన క్షణానికీ చివరి వరస చూసిన క్షణానికీ మధ్య సెకనులో ఇరవయ్యో వంతు గడిచిపోతుంది. ఈ మొత్తం కాలాన్నే రీడౌట్ సమయం అంటారు.

ఇంత ఆలస్యానికి కారణం పిక్సెల్ దగ్గర లేదు, దాని వోల్టేజీని అంకెగా మార్చే వలయాల దగ్గర ఉంది. చాలా సెన్సర్లలో ప్రతి నిలువు వరసకూ ఇలాంటి వలయం ఒకటి ఉంటుంది. అది క్రమంగా పెరిగే ఒక వోల్టేజీతో పిక్సెల్ వోల్టేజీని పోల్చి చూస్తూ మెట్లు లెక్కపెడుతుంది. 14 బిట్ల లెక్కకు 16,384 మెట్లు కావాలి, 12 బిట్లకు 4,096 చాలు. ఎలక్ట్రానిక్ షట్టర్‌కు మార్చగానే కొన్ని కెమెరాలు 12 బిట్లకు దిగిపోవడం ఇందువల్లే. 2020లో వచ్చిన కానన్ ఈఓఎస్ ఆర్5 అలాంటిదే. రీడౌట్ వేగం పెరుగుతుంది, నీడల్లోని వివరం కొంత పోతుంది.

మామూలు ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ల రీడౌట్ సమయం సుమారు 30 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది. పిక్సెళ్లు పెరిగేకొద్దీ సాధారణంగా ఇదీ పెరుగుతుంది. ఆర్5 ఇందుకు మినహాయింపు, అందులో ఇది సుమారు 16. సెన్సర్ వెనకే మెమరీ పొరను అతికించిన స్టాక్డ్ సెన్సర్లతో లెక్క మారింది. 2017లో వచ్చిన సోనీ ఎ9లో సుమారు 6 మిల్లీసెకన్లు. 2021లో వచ్చిన నికాన్ జెడ్9లో 4 కంటే తక్కువ, అంటే మెకానికల్ తెర దాటే కాలంతో సమానం. నికాన్ ఆ కెమెరాలో మెకానికల్ షట్టర్‌ను పూర్తిగా తీసేయగలిగింది అందుకే.

దీపం నిజంగా ఎలా వెలుగుతుంది

మన కరెంటు 50 హెర్ట్జ్. ఒక్కో ఆవృత్తిలో ప్రవాహం రెండుసార్లు సున్నాకు చేరుతుంది కనుక దీపం సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంది, 10 మిల్లీసెకన్లకోసారి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అక్కడ దీపం సెకనుకు 120 సార్లు మినుకుతుంది. జపాన్‌లో తూర్పున 50, పడమట 60. టోక్యో మొదట జర్మన్ జనరేటర్లు, ఒసాకా అమెరికన్ జనరేటర్లు తెచ్చుకున్న నాటి తేడా ఇప్పటికీ అలాగే ఉంది. మన గ్రిడ్ కోడ్ ప్రకారం ఫ్రీక్వెన్సీ 49.90, 50.05 హెర్ట్జ్‌ల మధ్య ఉండాలి. ఆ కాస్త తేడా ఫొటోను చెడగొట్టదు. కాబట్టి ఇక్కడ 100 అనే అంకెను నమ్మకంగా వాడుకోవచ్చు.

దీపాలన్నీ ఒకేలా మినుకవు. పాత ఫిలమెంటు బల్బులో తీగ ఎర్రగా కాలి ఉంటుంది. ప్రవాహం సున్నాకు వచ్చిన రెప్పపాటులో అది చల్లారలేదు కనుక హెచ్చుతగ్గులు స్వల్పం. చోక్ పెట్టిన ట్యూబులైటులో హెచ్చుతగ్గులు చాలా లోతుగా ఉంటాయి. పైగా ట్యూబు లోపలి పూతలోని రంగులన్నీ ఒకే వేగంతో ఆరవు. నీలం త్వరగా ఆరిపోతుంది, పసుపు కాస్త నిలుస్తుంది. చీకటి చారకూ వెలుగు చారకూ రంగు మారడానికి కారణం అదే. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న ట్యూబు 20 కిలోహెర్ట్జ్‌కు పైన పనిచేస్తుంది, దానితో ఇబ్బంది చాలావరకు ఉండదు. పాత పద్ధతి బ్యాలస్టుతో వెలిగే సోడియం, మెటల్ హాలైడ్ లైట్లు ట్యూబుకన్నా గట్టిగా మినుకుతాయి. మైదానాల్లో ఇలాంటి లైట్లను మూడు ఫేజుల మీద పంచి పెట్టేది అందుకే. ఒక ఫేజులో వెలుగు తగ్గిన క్షణంలో మిగతా రెండూ దాన్ని పూడుస్తాయి.

ఎల్ఈడీ స్వభావం వేరు. ఎల్ఈడీ దానంతట అది వేడిని గాని, వెలుగును గాని నిలుపుకోదు. ప్రవాహం ఆగిన మైక్రోసెకన్లలోనే ఆరిపోతుంది. కనుక దాని మంచిచెడ్డలన్నీ దాన్ని నడిపే డ్రైవర్ సర్క్యూట్‌లో ఉంటాయి. తగినంత కెపాసిటర్ పెట్టిన డ్రైవరైతే వెలుగు నిలకడగా ఉంటుంది. అది తగ్గించి చవకగా చేసిన బల్బు ట్యూబులైటులాగే సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. విడిగా అమ్ముడైనవి వేరే. ఫిలమెంటు వెలుగులో తీసిన ఫొటోల అలవాట్లు ఎల్ఈడీ ఇంట్లో పనికిరావడం లేదంటే ఆశ్చర్యం లేదు. ఈ మినుకు కంటికి తెలియకపోయినా తలనొప్పికి కారణం కావచ్చని, 100 హెర్ట్జ్ దగ్గర హెచ్చుతగ్గులు 8 శాతం లోపు ఉండడం మంచిదని ఐఈఈఈ 2015లో ఇచ్చిన 1789 సిఫార్సు చెబుతుంది. ఆ హద్దులో ఉన్న బల్బు కెమెరాను కూడా పెద్దగా బాధించదు.

ఇంకో రకం మినుకు వెలుగును తగ్గించడం కోసం కావాలని పెట్టింది. వేదిక మీది ఎల్ఈడీ పార్ లైట్లు, డిమ్మర్ ఉన్న ప్యానెళ్లు దీపాన్ని అతి వేగంగా ఆర్పి వెలిగిస్తూ, వెలిగి ఉండే కాలాన్ని కుదించి కాంతిని తగ్గిస్తాయి. దీన్ని పీడబ్ల్యూఎం అంటారు. ఈ వేగం కొన్ని వందల హెర్ట్జ్ నుంచి కొన్ని వేల హెర్ట్జ్ దాకా ఉంటుంది. ఇక్కడ దీపం తగ్గడం కాదు, పూర్తిగా ఆరడం. అందుకే ఈ చారలు సన్నగా, పదునుగా, దగ్గరదగ్గరగా పడతాయి.

చారల లెక్క

రీడౌట్ సమయాన్ని మినుకు వేగంతో గుణిస్తే చారల సంఖ్య వస్తుంది. 50 మిల్లీసెకన్ల కెమెరా, 100 హెర్ట్జ్ ట్యూబులైటు అయితే 5 చారలు. అదే కెమెరా 1000 హెర్ట్జ్ వేదిక లైటు కింద 50 చారలు గీస్తుంది. 4 మిల్లీసెకన్ల జెడ్9కు ట్యూబులైటు కింద 0.4 ఆవృత్తి మాత్రమే కనిపిస్తుంది. చారలుండవు, ఫొటో ఒక వైపు వెలుగుగా, మరో వైపు కాస్త మసకగా ఉంటుంది. మెకానికల్ షట్టర్‌తో వచ్చేదీ ఇదే. మెకానికల్ షట్టర్‌కు బ్యాండింగ్ రాదన్న మాట పూర్తి నిజం కాదు. వెయ్యి హెర్ట్జ్ లైటు కింద దానికీ మూడు నాలుగు చారలు పడతాయి. సెన్సర్ వరసలు ఫొటో పొడుగు వైపుకు సమాంతరంగా ఉంటాయి కనుక కెమెరా నిలువుగా పట్టుకుంటే చారలూ నిలువుగానే కనిపిస్తాయి.

చారలు ఎన్నో చెప్పేది రీడౌట్ అయితే, ఎంత గాఢంగా పడతాయో చెప్పేది ఎక్స్‌పోజర్ కాలం. ప్రతి వరసా సరిగ్గా ఒక పూర్తి ఆవృత్తి పాటు వెలుగును పోగుచేసుకుంటే, ఎప్పుడు మొదలుపెట్టినా అన్ని వరసలకూ సమానంగా అందుతుంది. 100 హెర్ట్జ్‌కు ఆ కాలం 1/100 సెకను. 1/50, 1/25 కూడా అంతే. దీపం సమంగా అలలాగా హెచ్చుతగ్గులవుతుందనుకుంటే, 1/125 దగ్గర ఆ హెచ్చుతగ్గుల్లో సుమారు 23 శాతం ఫొటోలోకి దిగుతుంది. 1/250 దగ్గర 76 శాతం, 1/500 దగ్గర 94 శాతం. అమెరికన్ పుస్తకాలు చెప్పే 1/60 మన దగ్గర పూర్తిగా పనిచేయదు, సుమారు 17 శాతం మిగిలే ఉంటుంది. 1/100కూ 1/125కూ మధ్య వెలుగులో తేడా అత్యల్పం. చారల్లో తేడా మాత్రం సున్నాకూ ఇరవై మూడుకూ ఉన్నంత. మన ఫొటోగ్రఫీ తరగతుల్లో మొదటి రోజు చెప్పాల్సిన విషయాల్లో ఇదొకటి.

సినిమా వాళ్లకు ఈ లెక్క చాలాకాలంగా తెలుసు. సెకనుకు 24 ఫ్రేములతో, 180 డిగ్రీల షట్టర్‌తో తీస్తే ఎక్స్‌పోజర్ 1/48 అవుతుంది. 50 హెర్ట్జ్ దేశాల్లో షట్టర్‌ను 172.8 డిగ్రీలకు తగ్గిస్తారు, అప్పుడది సరిగ్గా 1/50. మిర్రర్‌లెస్ కెమెరాతో వీడియో తీసేవారికీ ఇదే సూత్రం. 25 ఫ్రేములతో తీస్తే చారలు పడినా కదలకుండా నిలుస్తాయి. 24, 30 ఫ్రేముల్లో అవి తెర మీద పాకుతాయి.

ఫ్లాష్ సంగతి

ఫ్లాష్ వెలిగేది సుమారు సెకనులో వెయ్యో వంతు, లేదా అంతకన్నా తక్కువ కాలం. ఆ క్షణంలో సెన్సర్ వరసలన్నీ తెరిచి ఉంటేనే ఫొటో అంతటా ఫ్లాష్ వెలుగు పడుతుంది. 50 మిల్లీసెకన్ల రీడౌట్ ఉన్నప్పుడు అది సాధ్యం కావాలంటే ఎక్స్‌పోజర్ 1/20 కన్నా ఎక్కువసేపు ఉండాలి. అందుకే చాలా కెమెరాలు ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఫ్లాష్‌ను వెలగనే వెలగనివ్వవు. 2011లో మెకానికల్ షట్టర్ లేకుండా వచ్చిన నికాన్ 1 జె1లో సింక్ వేగం, అంటే ఫ్లాష్ వెలుగు ఫొటో అంతటా పడే గరిష్ఠ షట్టర్ వేగం, 1/60. 2019లో అలాగే వచ్చిన సిగ్మా ఎఫ్‌పీలో 1/30, 14 బిట్లు ఎంచుకుంటే 1/15. జెడ్9 మాత్రం 1/200 దాకా వెళ్లగలిగింది. మెకానికల్ షట్టర్ లేని కెమెరా సింక్ వేగం చూస్తే దాని రీడౌట్ ఎంతో ఊహించవచ్చు.

మన ఫ్లాష్ ఆపుకున్నా పక్కవాడి ఫ్లాష్ ఆగదు. మనం ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తుండగా ఇంకొకరి ఫ్లాష్ వెలిగితే ఆ క్షణంలో తెరిచి ఉన్న వరసలకే ఆ వెలుగు అందుతుంది. ఫొటో మధ్యలో తెల్లని పట్టీ ఒకటి పడుతుంది. దాన్ని ఏ ఎడిటింగూ తీయలేదు.

పెళ్లిమండపం

ఈ పరిమితులన్నీ ఒకేచోట కలిసేది మన కల్యాణ మండపాల్లో. పైన ట్యూబులైట్లు, మండపానికి చుట్టిన ఎల్ఈడీ తోరణాలు, వెనక ఎల్ఈడీ తెర, వీడియో వారి డిమ్మర్ లైటు, ఇద్దరు ముగ్గురు ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు. ఒక్కో దీపానిది ఒక్కో వేగం. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు. గట్టిమేళం మోగే చోట నిశ్శబ్ద షట్టర్ వల్ల వచ్చే లాభం ఏమీ లేదు. అక్కడ మెకానికల్ షట్టరే వాడాలి, ఫ్లాష్ వద్దనుకుంటే 1/100 దాటకూడదు.

నిశ్శబ్దం నిజంగా కావాల్సిన చోట్లు వేరు. సంగీత కచేరీలో ఆలాపన సాగుతున్నప్పుడు, సింక్ సౌండ్‌తో తీసే సినిమా షూటింగ్‌లో స్టిల్స్ తీస్తున్నప్పుడు, గోల్ఫ్ ఆటగాడు కొట్టబోయేటప్పుడు షట్టర్ చప్పుడు నేరమే. వెనుకటి స్టిల్ ఫొటోగ్రాఫర్లు శబ్దం బయటికి రాకుండా కెమెరాను ప్రత్యేకమైన పెట్టెలో పెట్టి తీసేవారు. వారికి ఎలక్ట్రానిక్ షట్టర్ పెద్ద వరం. కచేరీలో గాయకుడు పెద్దగా కదలడు కనుక 1/100 కూడా సరిపోతుంది. చిక్కంతా నిశ్శబ్దం, వేగం రెండూ కావాల్సినప్పుడే.

ఎల్ఈడీ తెర గురించి విడిగా చెప్పాలి. అది తన దీపాలన్నీ ఒకేసారి వెలిగించదు, వరసల గుంపులుగా వంతులవారీగా వెలిగిస్తుంది. రిఫ్రెష్ వేగం 1920 హెర్ట్జ్, 3840, 7680 అని కంపెనీలు చెబుతాయి. 1/1000తో తీస్తే 1920 హెర్ట్జ్ తెర రెండుసార్లు కూడా పూర్తిగా రిఫ్రెష్ కాదు, ఫొటోలో దాని మీద పట్టీలు కనిపిస్తాయి. అద్దెకు తెర మాట్లాడుకునేటప్పుడు ఎన్ని అడుగులు అని అడిగేవారు రిఫ్రెష్ ఎంత అని కూడా అడగాలి. డీఎల్‌పీ ప్రొజెక్టర్లది ఇంకో రకం తంటా. ఒక చిప్పున్న ప్రొజెక్టర్ రంగులను ఒకదాని తర్వాత ఒకటిగా వేస్తుంది కనుక ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు విడివిడిగా దిగుతాయి.

కంపెనీలు వెతికిన దారులు

మొదటి దారి, వెలుగు ఎక్కువగా ఉన్న క్షణం కోసం కాచుకుని షట్టర్ వదలడం. 2014లో కానన్ 7డి మార్క్ 2 ఎస్ఎల్ఆర్‌తో ఇది ప్రాచుర్యంలోకి వచ్చింది. మెకానికల్ షట్టర్‌కు ఇది చక్కగా పనిచేస్తుంది. కాచుకోవడానికి పట్టే కాలం వల్ల వేగం కాస్త తగ్గుతుందంతే. 50 మిల్లీసెకన్ల ఎలక్ట్రానిక్ షట్టర్‌కు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. ఏ క్షణంలో మొదలుపెట్టినా ఐదు ఆవృత్తులు దాటి పోవాల్సిందే. మెనూలో యాంటీ ఫ్లికర్ అని కనిపించగానే బెడద తీరిందనుకునేవారు తెలుసుకోవాల్సిన విషయమిది. రీడౌట్ 10 మిల్లీసెకన్ల లోపు ఉంటేనే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఆ ఏర్పాటుకు అర్థం.

రెండో దారి, షట్టర్ వేగాన్ని సన్నసన్నని మెట్లలో సరిచేసుకోవడం. మామూలు డయల్‌లో 1/500 తర్వాత 1/640 వస్తుంది. వేదిక లైటు 1230 హెర్ట్జ్ అనుకుందాం. 1/500 అంటే 2.46 ఆవృత్తులు, చారలు మిగులుతాయి. 1/615 పెట్టగలిగితే సరిగ్గా రెండు ఆవృత్తులు, చారలు మాయం. 2021లో సోనీ ఎ1, కానన్ ఈఓఎస్ ఆర్3 ఇలాంటి సౌకర్యంతో వచ్చాయి. ఆర్3 దీపం వేగాన్ని తనే కనిపెట్టి 1/50.0 నుంచి 1/8192.0 వరకు సరైన అంకెను ఎంచుకోగలదు. నికాన్, ఫ్యూజీఫిల్మ్ కూడా తమ కెమెరాల్లో ఇలాంటి ఏర్పాట్లు చేశాయి. నిశ్శబ్దమూ వేగమూ రెండూ కావాలనుకునే వారికి ఇప్పటికి ఉన్న మంచి మందు ఇదే. రెండు రకాల లైట్లు కలిసిన చోట మాత్రం రెండింటికీ ఒకే అంకె కుదరదు. అప్పుడు మళ్లీ 1/100కే రావాలి. వెయ్యి హెర్ట్జ్ లైటు కూడా ఆ కాలంలో పదిసార్లు వెలిగి ఆరుతుంది కనుక దాని చారలూ దాదాపు కలిసిపోతాయి.

మూడోది, మొదటి తెర పని ఎలక్ట్రానిక్‌గా చేయించి రెండో తెరను మెకానికల్‌గానే ఉంచడం. అదురు తగ్గుతుంది, చప్పుడు కొంత తగ్గుతుంది, తెర వేగం మామూలుగానే ఉంటుంది కాబట్టి చారల బెడద పెరగదు. దీపాల కింద రోజువారీ పనికి దీన్ని మించింది లేదనిపిస్తుంది.

గ్లోబల్ షట్టర్

అన్ని పిక్సెళ్లనూ ఒకే క్షణంలో తెరిచి ఒకే క్షణంలో మూసేది గ్లోబల్ షట్టర్. ఇది కొత్త ఊహ కాదు. 2004లో వచ్చిన నికాన్ డి70 ఎస్ఎల్ఆర్‌లోని సీసీడీ సెన్సర్ పిక్సెళ్లన్నింటి చార్జిని ఒకేసారి కాంతి సోకని అరల్లోకి జరిపేది. అందుకే అందులో ఫ్లాష్ సింక్ 1/500 సాధ్యమైంది. సీమాస్ వచ్చాక ఆ సుగుణం పోయింది. 2023 నవంబరులో సోనీ ఎ9 3 ప్రకటనతో ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ రూపంలో అది తిరిగి వచ్చింది. 2.46 కోట్ల పిక్సెళ్లు, సెకనుకు 120 ఫొటోలు, 1/80,000 సెకను దాకా వేగం, ఆ వేగాల్లోనూ ఫ్లాష్. చార్జిని దాచుకునే చోటు ప్రతి పిక్సెల్‌లోనూ కావాలి కనుక కాంతిని పట్టే శక్తిలో కొంత వదులుకోవాలి. ఎ9 3 కనిష్ఠ ఐఎస్ఓ 250.

గ్లోబల్ షట్టర్ వల్ల ఒక ఫొటోలోపల చారలు పడవు. దీపం మినుకు మాత్రం ఎక్కడికీ పోదు. 1/1000తో వరసగా పది ఫొటోలు తీస్తే ఒకటి దీపం పూర్తిగా వెలిగినప్పుడు, మరొకటి తగ్గినప్పుడు పడి, ఒక్కోటి ఒక్కో వెలుగుతో, ఒక్కో రంగుతో వస్తాయి. ఎల్ఈడీ తెర మీది పట్టీలు కూడా పోవు, అవి తెర తన వంతులవారీ పనిలో తానే గీసుకున్నవి.

ఇంట్లోనే కొలుచుకోవడం

తమ కెమెరా రీడౌట్ ఎంతో ఎవరైనా తెలుసుకోవచ్చు. చోక్ ఉన్న ట్యూబులైటు ఒక్కటే వెలిగించి, కిటికీలు మూసి, తెల్లగోడ ఫ్రేము నిండా వచ్చేలా కెమెరా అడ్డంగా పెట్టాలి. ఎలక్ట్రానిక్ షట్టర్ ఎంచుకుని 1/1000తో ఒక ఫొటో తీయాలి. పైనుంచి కింది దాకా ఎన్ని చారలు, ఎంత పాక్షిక చార ఉందో లెక్కపెట్టి 10తో గుణిస్తే అదే మిల్లీసెకన్లలో రీడౌట్ సమయం. ఆరున్నర చారలుంటే 65 మిల్లీసెకన్లు. ఫొటో రకం, బిట్లు మారిస్తే అంకె మారవచ్చు కనుక తాము రోజూ వాడే అమరికలోనే కొలవాలి. కెమెరా తెర మీద ముందుగా కనిపించే దృశ్యాన్ని నమ్మవద్దు. అసలు ఫొటోలో పడే చారలకూ దానికీ పొంతన ఉండకపోవచ్చు. కొత్త చోటికి వెళ్లినప్పుడు ఒక ఫొటో తీసి, పెద్దది చేసి చూసుకోవడమే దారి.

మెగాపిక్సెళ్లు, సెకనుకు ఎన్ని ఫొటోలు, గరిష్ఠ ఐఎస్ఓ అన్నీ పెట్టె మీద అచ్చువేసే కంపెనీలు రీడౌట్ సమయాన్ని కూడా అచ్చువేయాలి. అది జరిగేదాకా కొనేవారే అడగాలి, దొరక్కపోతే దుకాణంలోనే ట్యూబులైటు కింద ఒక ఫొటో తీసి చూడాలి. రీడౌట్ 10 మిల్లీసెకన్లు దాటిన కెమెరాను పెళ్లిళ్లకు, వేదికలకు, ఇండోర్ ఆటలకు కొనేటట్టయితే అందులో మెకానికల్ షట్టర్ కూడా ఉండి తీరాలి.